తెలియనిదాన్ని ఒప్పుకోవడం: విశ్వం గురించి గోదారి లంకల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

చీకటి రాత్రుళ్లు లంకల మీదా ఏటిగట్ల మీదా టెలిస్కోపు పెట్టి ఆకాశం చూపిస్తుంటే, జనం ముందు చందమామ మీది గుంటల గురించి అడుగుతారు, తర్వాత శని వలయాల గురించి. కాసేపయ్యాక అసలు ప్రశ్నలు బయటికొస్తాయి. ఇదంతా ఎక్కడిదాకా ఉంది? దీనికి ముందు ఏముంది? మనిషికి ఎప్పటికైనా అంతా తెలుస్తుందా? కోనసీమలో ఏ ఊరెళ్లినా, గోదారి వశిష్ఠ పాయ దాటి నరసాపురం వైపు వెళ్లినా ఇవే ఎదురవుతున్నాయి. అందుకే జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను. ప్రశ్నలను వీలైనంతవరకు అడిగినవాళ్ల మాటల్లోనే ఉంచాను.

మేస్టారండీ, ఒక్క మాటలో చెప్పండి. మనిషికి విశ్వం పూర్తిగా అర్థమవుతుందా, అవదా?

అవదనే నా నమ్మకం. అయితే ఆ ఒక్క మాటలో నాలుగు వేరువేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. కొన్ని ఇవాళ తెలియవు, రేపు తెలియొచ్చు. కొన్నిటి కబురు మన దాకా ఎన్నటికీ చేరదు. కొన్నిటి స్వభావమే కొలతకు ఒక హద్దు గీస్తుంది. కొన్ని లెక్కకు చక్కగా అందుతాయి గానీ మనసులో బొమ్మ కట్టవు. మన ముందున్న తెలియనితనం వీటిలో ఏ రకందో, అది ఎందుకు తెలియదో చెప్పగలిగినప్పుడే దాన్ని నిజంగా ఒప్పుకున్నట్టు. ఏదీ విడదీయకుండా "మనకేం తెలుసులెండి" అని ఊరుకుంటే, తెలిసినదాన్ని కూడా పోగొట్టుకుంటాం.

పుష్కరం పన్నెండేళ్ల ముందే చెబుతారు. వచ్చే ఏడాది వరద ఏ తేదీన వస్తుందో ఎవరూ చెప్పరేం?

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇది. ఒకే గోదారి గురించి రెండు లెక్కలు అడుగుతున్నారు. ఒకటి తేలుతుంది, ఇంకొకటి తేలదు.

పుష్కరం గురుగ్రహం లెక్క. గురుడు సింహరాశిలో ప్రవేశించినప్పుడు గోదావరికి పుష్కరం. ఆ గ్రహం సూర్యుణ్ణి ఒకసారి చుట్టి రావడానికి సుమారు 11.86 ఏళ్లు పడుతుంది. 2015లో వచ్చింది, మళ్లీ 2027లో వస్తుంది. ఆ దారిలో గాలి లేదు, రాపిడి లేదు. లాగేది ప్రధానంగా సూర్యుడొక్కడే. ఇవాళ గ్రహం ఎక్కడుందో కొలవడంలో చిన్న పొరపాటు జరిగినా, వందేళ్ల తర్వాత కూడా అది చిన్న పొరపాటుగానే ఉంటుంది.

సముద్రపు పోటూ పాటూ కూడా ఇలాంటివే. ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే ఇవాళ్టి పోటు కన్నా రేపటిది దాదాపు 50 నిమిషాలు ఆలస్యం. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు పెద్దది. మొగల్లో, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట్ల, చేపల వేటకెళ్లేవాళ్లకు ఇది పుస్తకం చూసి నేర్చుకోవలసిన విషయం కాదు. సర్వే ఆఫ్ ఇండియా ఓడరేవుల పోటు పట్టికలను ఏడాది మొదలవకముందే అచ్చు వేస్తుంది. చంద్రుడూ సూర్యుడూ ఎప్పుడు ఎక్కడుంటారో తెలిసి, ఆ రేవులో పాత పోటు కొలతలు ఉంటే చాలు, మిగతాది కూడికలు, తీసివేతలే.

వరద అలా కాదు. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి పరీవాహకంలో ఎప్పుడు ఎంత వాన కురుస్తుందన్నదాని మీద అది ఆధారపడుతుంది. 1961లో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే అమెరికన్ వాతావరణ శాస్త్రవేత్త కంప్యూటర్లో వాతావరణపు నమూనా నడుపుతున్నాడు. ఆగిన లెక్కను మధ్యలోంచి మళ్లీ మొదలుపెట్టాలని, 0.506127 అని ఉండాల్సిన చోట కాగితం మీద అచ్చయిన 0.506 కొట్టాడు. తేడా వెయ్యో వంతు కూడా లేదు. రెండు లెక్కలూ కాసేపు కలిసి నడిచాయి, ఆ తర్వాత ఒకదానితో ఒకటి పొంతన లేకుండా పోయాయి. 1963లో ఆయన దాన్ని గణితంగా రాసి ప్రచురించాడు. గాలి, తేమ, వేడి ఒకదాన్నొకటి మార్చుకుంటూ పోయే చోట చిన్న తేడా అలాగే ఉండిపోదు, రెట్టింపు మీద రెట్టింపు అవుతుంది. అందుకే ఏ రోజు ఎక్కడ వాన పడుతుందో సుమారు రెండు వారాలకు మించి ముందుగా చెప్పడం కుదరదని వాతావరణ శాస్త్రజ్ఞులు అంటారు. ఎంత పెద్ద కంప్యూటర్ తెచ్చినా ఆ గడువు ఇంకొంచెం జరుగుతుందే తప్ప ఏడాదికి సాగదు.

వాన పడి నీరు ఏట్లో కలిశాక లెక్క మళ్లీ మన చేతికి వస్తుంది. భద్రాచలం దగ్గర మట్టం చూసి, ధవళేశ్వరానికి ఎప్పుడు ఎంత నీరు వస్తుందో ఇంజినీర్లు చెబుతారు. ధవళేశ్వరంలో 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు దిగినప్పుడు ఏడాది ముందు ఎవరికీ తెలియదు. ఇకముందు అంత వరద వచ్చినా ఏడాది ముందు తెలియదు. నాలుగు రోజుల ముందు మాత్రం తెలియాలి. అది తెలియకపోతే ప్రకృతిని అనకూడదు, మనల్నే అనుకోవాలి.

ఇంకో సంగతి. గ్రహాల లెక్కకూ గడువుంది. 1989లో జాక్ లాస్కర్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త, గ్రహాల కక్ష్యల్లోనూ చిన్న తేడాలు ఇలాగే పెరుగుతాయని చూపించాడు. కొన్ని కోట్ల ఏళ్ల తర్వాత భూమి తన కక్ష్యలో సరిగ్గా ఎక్కడుంటుందో చెప్పలేం. గ్రహానికీ వానకీ ఉన్న తేడా ఎంతకాలం చెప్పగలమన్నదే. వానకు వారాలు, గ్రహాలకు కోట్ల ఏళ్లు.

విశ్వం ఎక్కడిదాకా ఉంది? చివర గోడ లాంటిదేమైనా ఉందా?

గోడ ఉన్నట్టు ఎవరికీ కనిపించలేదు. చూపుకు మాత్రం హద్దుంది. విశ్వం వయసు సుమారు 1380 కోట్ల ఏళ్లు. అంతకు మించి ప్రయాణం చేసిన వెలుగు ఏదీ లేదు. ఆ వెలుగు దారిలో ఉండగానే విశ్వం వ్యాకోచించింది. అందువల్ల మనకు కనిపించే అతిదూరపు చోట్లు ఇప్పుడు సుమారు 4600 కోట్ల కాంతి సంవత్సరాల అవతల ఉన్నాయి (కాంతి సంవత్సరం అంటే వెలుగు ఏడాదిలో వెళ్లే దూరం). వాటికి ఆవల ఏముందో మనకు కబురే లేదు.

అంతర్వేది ఇసకలో నిలబడి సముద్రాన్ని చూస్తే సుమారు 5 కిలోమీటర్ల దగ్గర నీరూ ఆకాశమూ కలిసిపోతాయి. సముద్రం అక్కడితో అయిపోలేదని ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. విశ్వం విషయమూ అంతవరకు అలాంటిదే. అక్కడి నుంచి పోలిక చెల్లదు. పడవెక్కితే సముద్రపు అంచు ముందుకు జరుగుతుంది. విశ్వానికి అలాంటి పడవ లేదు. వ్యాకోచం రానురానూ వేగం పుంజుకుంటోందని 1998లో రెండు శాస్త్రవేత్తల బృందాలు విడివిడిగా కనిపెట్టాయి. ఇది ఇలాగే సాగితే, సుమారు 1600 కోట్ల కాంతి సంవత్సరాలకు ఆవల ఉన్న గెలాక్సీ (కోటానుకోట్ల నక్షత్రాల గుంపు) నుంచి ఇవాళ బయల్దేరిన వెలుగు ఎన్నాళ్లు గడిచినా మన దగ్గరికి రాదు. ఆ గెలాక్సీల పాత వెలుగు మాత్రమే మనం చూస్తున్నాం. వాటి ఇవాళ్టి సంగతి మన మనవలకూ తెలియదు, వాళ్ల మనవలకూ తెలియదు. ఎంత తెలివి పెరిగినా ఈ హద్దు జరగదు. నాకు ఇది బాధ అనిపించదు. ఇంత చిన్న చోట కూర్చుని, ఎక్కడి నుంచి కబురు రాదో కూడా లెక్క కట్టగలిగాం.

మా బుడ్డోడు "బిగ్ బ్యాంగ్‌కి ముందు ఏముంది?" అంటున్నాడు. ఏం చెప్పమంటారు?

"నాకు తెలియదు, ఎవరికీ తెలియదు" అని చెప్పండి. అంతటితో ఆపకండి. ఎక్కడిదాకా తెలుసో కూడా చెప్పండి. బిగ్ బ్యాంగ్ అంటే విశ్వం వ్యాకోచించడం మొదలైన ఘట్టం. ఆ తర్వాతి మొదటి 3.8 లక్షల ఏళ్లలో వెలుగు స్వేచ్ఛగా పారలేదు. మండే పొగమంచులో చిక్కుకున్నట్టు అటూ ఇటూ కొట్టుకునేది. ఆ మంచు విడిపోయాక బయటపడ్డ వెలుగు ఇప్పటికీ ఆకాశం నిండా ఉంది. 1964-65లో ఆర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్ తమ ఆంటెన్నాలో ఎంతకీ పోని రొదగా దాన్ని పట్టుకున్నారు. ఇంటి మీద యాంటెన్నా ఉన్న రోజుల్లో స్టేషన్ దొరకనప్పుడు టీవీలో మెరిసే చుక్కల్లో కొద్ది భాగం ఆ పాత వెలుగే.

అంతకు ముందు కాలాన్ని వెలుగుతో చూడలేం. లెక్కలతో ఇంకా చాలా వెనక్కి, మొదటి సెకను లోపలికి కూడా వెళ్లగలం. మరీ మొదటి క్షణానికి వెళితే మన సమీకరణాలే పనిచెయ్యవు. అక్కడ "ముందు" అన్న మాటకు అర్థం ఉందో లేదో కూడా తేలలేదు. ఆరో తరగతి పిల్లవాడు ఇది వింటాడు. పెద్దవాళ్లు తెలియదనడం విన్న పిల్లలు అడగడం మానరు. కసిరితే మానేస్తారు.

విశ్వంలో నూటికి తొంభై అయిదు వంతులు ఏంటో తెలియదంటారు. మరి మీ సైన్సు పునాదే లేనట్టు కదండీ?

లెక్క నిజమే. నక్షత్రాలు, గ్రహాలు, మనం, గోదారి, అన్నీ కలిపి 5 శాతం. కంటికి కనబడకుండా గురుత్వంతో లాగే కృష్ణ పదార్థం 27 శాతం, వ్యాకోచాన్ని వేగపరిచే కృష్ణ శక్తి 68 శాతం. ఈ రెండూ ఏమిటో తెలియదు. తెలియదని తెలిసింది మాత్రం కొలవడం వల్లే. గెలాక్సీల గుంపుల్లో కనిపించే పదార్థపు బరువు, వాటి వేగానికి సరిపోవడం లేదని 1933లో ఫ్రిట్జ్ జ్వికీ అన్నాడు. 1970ల్లో వేరా రూబిన్ గెలాక్సీల అంచుల్లోని నక్షత్రాల వేగం కొలిచి అదే చిక్కును ఇంకా గట్టిగా చూపింది. పునాది లేని చోట ఇంత కచ్చితంగా "ఇక్కడ ఇంత తగ్గింది" అని చెప్పలేరు.

ఇది మొదటి రకం తెలియనితనం. రేపు తెలియొచ్చు. అందుకే దీన్ని "ఒప్పుకుని" వదిలెయ్యమని నేను చెప్పను.

ఇది ఎప్పటికీ తెలియదు అన్నాక తెలిసిన సందర్భాలు లేవా?

ఉన్నాయి. ఒకటి మన రాష్ట్రంలోనే జరిగింది. 1835లో ఫ్రెంచి తత్వవేత్త ఆగుస్ట్ కోంత్, నక్షత్రాలు ఏ పదార్థంతో తయారయ్యాయో మనిషి ఎన్నటికీ తెలుసుకోలేడని రాశాడు. అప్పటికి సబబైన మాటే. నక్షత్రాన్ని తెచ్చి ప్రయోగశాలలో పెట్టలేం కదా. ఆయన 1857లో పోయాడు. రెండేళ్లకే జర్మనీలో కిర్కాఫ్, బున్సెన్ వెలుగును రంగులుగా విడగొట్టి, అందులోని గీతలను బట్టి మూలకాలను గుర్తుపట్టే దారి కనిపెట్టారు.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన తీరం మీదుగా వెళ్లింది. దాన్ని చూడటానికి ఫ్రాన్స్ నుంచి పియెర్ జాన్సెన్ గుంటూరు వచ్చాడు. సూర్యుడి అంచున ఎగిసే జ్వాలల వెలుగును, రంగులుగా విడగొట్టే వర్ణపట దర్శినిలో చూశాడు. గ్రహణం లేకపోయినా ఆ జ్వాలల్ని చూడొచ్చని మర్నాటికల్లా కనిపెట్టాడు. అదే ఏడాది ఇంగ్లండులో నార్మన్ లాకియర్ కూడా విడిగా ఆ పద్ధతి కనుక్కున్నాడు. సూర్యుడి వెలుగులోని ఒక పసుపు గీత తెలిసిన ఏ మూలకానిదీ కాదని తేల్చాడు. దానికి హీలియం అని పేరొచ్చింది. భూమ్మీద అది 1895లో గాని విలియం రామ్సేకి దొరకలేదు. ఎప్పటికీ తెలియదన్న సంగతుల్లో ఒకటి, ఆ మాట అన్న ముప్పై మూడేళ్లకు గుంటూరు ఆకాశంలో దొరకడం మొదలైంది. చిన్నప్పుడు బడిలో మాకిది ఎవరూ చెప్పలేదు. ఇప్పటి పిల్లలకైనా చెప్పాలి.

కోంత్‌ది చేతకానితనం కాదు. "చేరుకోలేం" అన్నదాన్ని "తెలుసుకోలేం" అనుకున్నాడు. నక్షత్రం దగ్గరికి మనం వెళ్లకపోయినా దాని కబురు మన దగ్గరికి వస్తూనే ఉంది. అందుకే ఏదైనా ఎప్పటికీ తెలియదని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది, "కబురు రావడం లేదా, వచ్చిన కబురు చదవడం రావడం లేదా?" అని.

ఇంకా మంచి యంత్రాలొస్తే అన్నిటినీ ఎంత కావాలంటే అంత కొలవలేమా?

లేం. ఎలక్ట్రాన్ లాంటి కణం ఎక్కడుందో కచ్చితంగా తేల్చే కొద్దీ, దాని ద్రవ్యవేగం (ద్రవ్యరాశినీ వేగాన్నీ గుణిస్తే వచ్చేది) తేలకుండా పోతుందని 1927లో హైసెన్‌బర్గ్ చెప్పాడు. యంత్రం నాసిరకం కావడం వల్ల వచ్చిన చిక్కు కాదిది. లోపల అన్నీ ముందే తేలిపోయి ఉండి మనకు కనిపించడం లేదేమో అని చాలామంది అనుకున్నారు. అలా ఉండి, దూరంగా ఉన్న కణాలు ఒకదాన్నొకటి అప్పటికప్పుడు మార్చలేకపోతే, ఫలితాలు ఏ హద్దు దాటకూడదో 1964లో జాన్ బెల్ లెక్క కట్టాడు. ప్రయోగాల్లో ఆ హద్దు దాటింది. ఆ ప్రయోగాలకే 2022లో ఆస్పే, క్లౌజర్, జైలింగర్‌లకు నోబెల్ వచ్చింది.

గణితానికీ ఇలాంటి హద్దుంది. వైరుధ్యం లేని ఏ నియమాల చట్రంలోనైనా, మామూలు అంకగణితం పట్టేంత పెద్దదైతే చాలు, దాని నియమాలతో నిరూపించలేని నిజాలు మిగులుతాయని 1931లో గోడెల్ నిరూపించాడు.

పూర్తిగా అర్థం కానిది ఎందుకు పనికొస్తుందండీ? సముద్రం మీదికెళ్లేవాడికి దీంతో ఏం లాభం?

బోటులో జీపీఎస్ ఉందా? ఆ ఉపగ్రహాల్లోని గడియారాలు భూమ్మీది గడియారాల కన్నా రోజుకు సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. కాలాన్నీ గురుత్వాన్నీ వివరించే ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతం ప్రకారం దాన్ని సరిచేస్తారు. సరిచెయ్యకపోతే ఒక్కరోజులోనే పది కిలోమీటర్ల మేర తప్పు పేరుకుంటుంది. ఒడ్డు కనబడని రాత్రి ఆ పది కిలోమీటర్లు ఎంతో వేటకెళ్లేవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

అదే సిద్ధాంతం, వెలుగు కూడా బయటపడలేని కృష్ణబిలం (బ్లాక్ హోల్) నడిబొడ్డున చేతులెత్తేస్తుంది. అతి చిన్న కణాల తీరు చెప్పే క్వాంటం సిద్ధాంతంతో ఇంతవరకు కలవలేదు. అంటే గురుత్వం ఏమిటో మనకు పూర్తిగా తెలియదు. తెలిసినంత మేరకే బోటు ఇంటికొస్తోంది.

సైంటిస్టులకే తెలియదని మీరే అంటున్నారు. మరి వాట్సాప్‌లో వచ్చే ఈ గ్రహశక్తి యంత్రాలు నిజమై ఉండొచ్చుగా?

ఉండవు. కృష్ణ శక్తి ఏమిటో తెలియకపోవడం, రాగిరేకు యంత్రం రొయ్యల చెరువుకు తెల్లమచ్చ తెగులు రాకుండా ఆపుతుందని ఒప్పుకోవడానికి కారణం కాదు. మొదటిదాంట్లో ఏది తెలియదో అంకెతో సహా చెప్పారు. రెండోదాంట్లో అమ్మేవాడు అంతా తెలుసంటాడు. ఎక్కడ పనిచెయ్యదో అడిగితే చెప్పడు. ఈ పేరున అప్పులపాలైన రైతుల్ని చూశాను, అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను. తన మాట ఎక్కడ ఆగిపోతుందో చెప్పనివాడికి డబ్బులివ్వకండి.

ఇవన్నీ మన వేదాల్లో ముందే ఉన్నాయి కదా?

ఋగ్వేదం పదో మండలంలో 129వది నాసదీయ సూక్తం. సృష్టి ఎక్కడి నుంచి వచ్చిందని అడుగుతూ, దేవతలు కూడా ఆ తర్వాత వచ్చినవాళ్లే అంటుంది. పైనుంచి చూసేవాడికి అది తెలుసేమో, ఆయనకూ తెలియదేమో అని ముగుస్తుంది. అన్నీ ముందే చెప్పేశారని దాన్ని చూపించేవాళ్లు ఆ ఆఖరి మాట మళ్లీ చదవాలి. మూడు వేల ఏళ్ల కిందట అంత నిర్భయంగా తెలియదన్నారే, అది నాకు గర్వంగా ఉంటుంది. గుడికి వెళ్లేవాళ్లను వెళ్లొద్దని నేను ఎప్పుడూ అనలేదు.

తొంభై ఆరు తుఫానుకి మా మరిది పోయాడు మేస్టారూ. ఆ రోజే ఎందుకు, ఆడే ఎందుకు? దీనికి ఏమైనా జవాబుందా?

అమ్మా, ఈ ప్రశ్నలో రెండు ఎందుకులు ఉన్నాయి. తుఫాను ఎందుకొచ్చిందో చెప్పగలను. వెచ్చని సముద్రం నుంచి లేచిన తేమ, పైకెళ్లి చల్లబడి, వేడిని వదిలి గాలిని ఇంకా లాగింది. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణాన తీరం దాటింది. వెయ్యి మందికి పైగా పోయారు. ఆ గాలి ఏ పడవ మీద విరుచుకుపడుతుందన్నది, ఎవరు ఆ వేళకు ఒడ్డుకు చేరారు, ఎవరు చేరలేదు అన్నది, లెక్కకు అందనంత చిన్న కారణాల గొలుసు. దాన్ని వెనక్కి విప్పుకుంటూ పోవడం ఎవరి వల్లా కాదు.

రెండో ఎందుకు, మా ఇంటికే ఎందుకు అన్నది. దానికి భౌతికశాస్త్రంలో జవాబు లేదు. నా దగ్గరా లేదు. మీ మరిది చేసిన పాపమో, ఇంట్లోవాళ్ల కర్మో అని ఎవరైనా చెబితే నమ్మకండి. అది వాళ్లకు ఎలా తెలుస్తుంది? ఒక్కటి మాత్రం మారింది. ఇప్పుడు తుఫాను దారి మూడు నాలుగు రోజుల ముందే తెలుస్తోంది, హెచ్చరిక చేతిలోని ఫోనుకే వస్తోంది. అప్పుడు ఎందుకని ఏడ్చినదాంట్లో కొంత, ఇప్పుడు ముందే ఒడ్డుకు చేర్చగలిగినదైంది. ఆ కొంత మీ బాధకు జవాబు కాదని నాకు తెలుసు.

ఏఐ వచ్చి అన్నీ తేల్చేస్తుందంటున్నారు?

మొదటి రకంవి కొన్ని త్వరగా తేలొచ్చు. వెలుగు చేరని చోటి కబురు ఏఐకీ చేరదు.

ఇంత పెద్ద ఆకాశం చూస్తే భయమేస్తుంది. ఏం చెయ్యను?

చాలామందికి వేస్తుంది, ముఖ్యంగా మొదటిసారి పాలపుంతను పూర్తి చీకట్లో చూసినవాళ్లకు. పక్కన మనిషి ఉండగా చూడండి. ఒక చోటుతో మొదలుపెట్టండి. కార్తీక మాసంలో అమావాస్యకు అటూ ఇటూ, దీపాలు లేని లంకలో, రాత్రి ఎనిమిది తర్వాత నెత్తిమీదికి కాస్త ఉత్తరంగా ఆండ్రోమెడా గెలాక్సీ కంటికే మసకగా కనబడుతుంది. ఆ వెలుగు బయల్దేరి 25 లక్షల ఏళ్లయింది. దేన్ని చూస్తున్నారో తెలిశాక చాలామందికి భయం తగ్గి అడగడం మొదలవుతుంది.

నేను ఇంటి దగ్గర చేసుకోగలిగింది ఏదైనా ఉందా?

ఉంది, ఒక నోటుపుస్తకం చాలు. రేవు దగ్గరుండే వాళ్లయితే రోజూ పోటు నిండిన సమయం రాయండి. పక్కనే చంద్రుడు ఉదయించిన సమయం కూడా. రెండు వారాల్లో ఆ రెండు వరుసలూ ఎలా కలిసి జరుగుతున్నాయో తెలుస్తుంది. తర్వాతి వారం పోటు సమయాలు మీరే ముందుగా రాసి సరిచూసుకోండి.

ఎడమ పేజీలో వానాకాలమంతా ఫోనులో చూపించే వాన సూచన రాయండి. ఒకే తేదీకి పది రోజుల ముందు ఏమన్నారు, అయిదు రోజుల ముందు ఏమన్నారు, ముందురోజు ఏమన్నారు, చివరికి పడిందా లేదా. ఎక్కడ నమ్మొచ్చో, ఎక్కడ నమ్మకూడదో మీ ఊరి లెక్క మీకే దొరుకుతుంది. ఊడ్పులకూ కోతలకూ పనికొస్తుంది. నాలుగైదు ఇళ్లవాళ్లు కలిసి రాస్తే ఇంకా మంచిది, ఎందుకంటే ఒక ఊళ్లో పడ్డ వాన పక్క ఊళ్లో పడకపోవడం జూలైలో మామూలే.